నాలుగు నిమిషాల ఊరు

ఏప్రిల్ 2, బుధవారం

పోస్టుమాస్టరు గారు కొట్టుకి వచ్చారు. రిటైరై ఆరేళ్ళయినా ఊరికి ఆయన పోస్టుమాస్టరే. స్టేషనుకి నూరేళ్ళు నిండుతున్నాయని వేసిన కమిటీకి ఆయనే కార్యదర్శి. నేను విప్పి పెట్టిన అలారం గడియారాన్ని అరగంట సేపు చూస్తూ కూర్చుని చివరికి నోరు విప్పారు.

"మీరున్న పరిస్థితిలో అడగకూడదు గానీ అమ్మా, ఆ ఊరి చరిత్ర... మే నెలలో అచ్చుకి ఇవ్వకపోతే..."

ఇస్తానన్నాను. మూడు తరాలుగా స్టేషన్ గడియారం చూసుకుంటున్న ఇల్లు కాబట్టి చరిత్ర నేనే రాయాలని జనవరిలోనే తీర్మానించారు. ఆయన లేచారు. ఓదార్పు మాటలు తయారుచేసుకుని వచ్చినట్టున్నారు, వాటి అవసరం పడలేదు.

చెల్లి పోయి ఇరవై రెండు రోజులు. ఏడుపు రావడం లేదు. రాకపోతే పోనీ. అలారం బాగైంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

మొదటి అధ్యాయం రాశాను.

నూరేళ్ళ కిందట ఇక్కడ ఊరు లేదు, నీళ్ళ ట్యాంకు ఉండేది. నగరానికి పోయే ఆవిరి ఇంజన్లు ఇక్కడ ఆగి నీళ్ళు పట్టించుకునేవి. పదకొండు నిమిషాలు పట్టేది. ఆ పదకొండు నిమిషాల్లో ప్రయాణికులకి ఉన్నట్టుండి ఆకలేసేది, గడ్డం పెరిగిందని గుర్తొచ్చేది, చెప్పు తెగేది. అలా ఒక టీ కొట్టు, ఒక మంగలి, ఒక చెప్పులు కుట్టే ఆయన వచ్చి చేరారు. దిగినవాళ్ళ వాచీలు బాగుచేసి, ఈల వేసేలోపు వాళ్ళ చేతికి తొడగడానికి మా తాత వచ్చాడు. తర్వాత నూలు మిల్లు, మిల్లు వెనకాల క్వార్టర్సు. కరెంటు రైళ్ళు వచ్చాక నీళ్ళతో పని లేకపోయింది. మిల్లూ మూతపడింది. అప్పటికే జనం ఇళ్ళు కట్టేసుకున్నారు. ఇప్పుడు ఊరంతా పొద్దున్నే నగరానికి పోయి సాయంత్రానికి తిరిగొస్తుంది. పగలు ఇక్కడ మిగిలేది పిల్లులూ, రిటైరైనవాళ్ళూ, నేనూ.

అంతా కలిపి ఒక పేజీ దాటలేదు. పోస్టుమాస్టరు గారు నలభై పేజీలు కావాలన్నారు.

ఏప్రిల్ 6, ఆదివారం

స్టేషన్ గడియారానికి కీ ఇచ్చాను. ముప్పై రెండు తిప్పులు. టైము సరిగానే ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

కొట్టు మూశాక రోజూలాగే క్వార్టర్సులోని మరిది ఇంటికి వెళ్ళాను. చెల్లి గొడుగు గుమ్మం పక్కన అలాగే ఉంది. చెల్లి కూతురు రొట్టెలు కాలుస్తోంది. పదహారేళ్ళొచ్చినా ఇంట్లో దాన్ని పిచ్చుక అనే పిలుస్తాం. నాలుగు కాల్చింది. వాళ్ళ నాన్న సగం తుంచి, ఆ సగాన్ని కంచంలో అటూ ఇటూ జరిపి, చెయ్యి కడిగేసుకున్నాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది.

అతను ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాల్ని తలకిందులుగా చదవగలడు. మనుషుల్ని మాత్రం ఎదురుగా ఉన్నా చదవలేడని చెల్లి ఆటపట్టించేది.

పిచ్చుక వంటింట్లోకి వెళ్ళగానే మళ్ళీ అదే మొదలుపెట్టాడు.

"మూడు రోజులు జ్వరంతో పడుకుంది కదా వదినా. ఇంకొక్క రోజు సెలవు పెట్టమన్నాను. తను లేకపోతే ఆస్పత్రిలో దుప్పట్లు లెక్క చూసేవాళ్ళు లేరంది. నాకు చిరాకేసింది. నువ్వు లేకపోతే ఏదీ ఆగిపోదు, ఆస్పత్రీ ఆగదు, ఈ ఇల్లూ ఆగదు అన్నాను."

"కోపంలో అందరూ అంటారు."

"కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. పావుగంటకి..." కంచం వైపు చూశాడు. "పరిగెత్తలేదట వదినా. డ్రైవరు చెప్పాడుగా, మామూలుగా నడుచుకుంటూ బండికి ఎదురొచ్చిందని. తెలియక కాదు. గడియారం మార్చిన సంగతి చెల్లికి తెలుసని ఇన్‌స్పెక్టరుకి నువ్వే చెప్పావు."

చెల్లి పోవడానికి రెండు రోజుల ముందే స్టేషన్ గడియారం సరిచేశాను. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. గడియారాలావిడ సొంత చెల్లెలికి తెలియకపోవడం ఏమిటి అనే ఎవరైనా అనుకుంటారు.

లేచి కప్పులు కడిగాను.

ఏప్రిల్ 10, గురువారం

నేను నోటితో చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు అడిగాడు, తల ఊపాను. అంతే.

ఏప్రిల్ 17, గురువారం

మూడో అధ్యాయం. ఇది చదివితే జనం నవ్వుతారు.

మా ఊళ్ళో మనుషుల్ని ఎక్కే బండిని బట్టి పిలుస్తారు. ఆరూ యాభై మాస్టారు, ఏడూ నలభై బ్యాంకాయన. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా అబ్బాయి ఏ బండి అని అడుగుతారు. ఏడూ నలభై వాళ్ళకి కూర్చోడానికి చోటు దొరుకుతుంది, అందుకని వాళ్ళు కాస్త మెడ నిక్కించి నడుస్తారు. ఎనిమిదీ పన్నెండు వాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు నిద్రపోతారు, అందుకే వాళ్ళలో వాళ్ళకి తగాదాలు తక్కువ. మా చెల్లి ఎనిమిదీ పన్నెండు.

ఇక నాలుగు నిమిషాల కథ. క్వార్టర్సు నుంచి స్టేషనుకి వెళ్ళాలంటే వంతెన ఎక్కి దిగాలి, నాలుగు నిమిషాలు. లేదా మిల్లు గోడ చివర పట్టాలు దాటాలి, అర నిమిషం. జనం రెండో దారే పట్టారు, కొందరు పోయారు. అప్పుడు మొదటి స్టేషన్ మాస్టరు మా తాతని పిలిచి గడియారం నాలుగు నిమిషాలు ముందుకి పెట్టించాడు. ముందే బయలుదేరి వంతెన మీదుగా వస్తారని ఆశ. ఏడాదిలో ఊరు కనిపెట్టేసింది. గడియారంలో ఏడంటే అసలు ఆరూ యాభై ఆరు అని అందరికీ తెలిసిపోయింది. మా ఊరి పిల్లలకి కూడికల కంటే ముందు తీసివేతలు వస్తాయని బళ్ళో మాస్టార్లు వేళాకోళం చేసేవారు. వంతెన కోసం ఇచ్చిన నాలుగు నిమిషాల్నీ జనం పక్క మీదే వాడేసుకుని మళ్ళీ పట్టాల మీంచే దాటారు.

ఇంకోటి కూడా రాశాను. మా ఊళ్ళో పట్టాలు దాటేవాళ్ళు అటూ ఇటూ చూడరు. గడియారం చూసి, నాలుగు తీసేసి, దిగుతారు. చెల్లి మరీను. గడియారాలవాళ్ళ ఇంట్లో పుట్టి చేతికి వాచీ పెట్టుకునేది కాదు. స్టేషన్లో అంత పెద్దది పెట్టుకుని నాకెందుకే అక్కా అనేది.

గడియారం సంగతి మిగతాది విడిగా రాయాలి. తర్వాత.

ఏప్రిల్ 20, ఆదివారం

కీ ఇచ్చాను. ముప్పై రెండు తిప్పులు. సరిగానే ఉంది.

ఏప్రిల్ 28, సోమవారం

ఎనిమిదీ ఎనిమిది డ్రైవరు కొట్టుకి వచ్చాడు. అది మా స్టేషన్లో ఆగని బండి. ఆ రోజు దాన్ని నడిపింది ఇతనే. వాచీ తెచ్చాడు. దానికేమీ కాలేదు, ఆ సంగతి అతనికీ తెలుసు. ఊరికే మూత తీసి తుడిచాను.

"పక్క సైడింగు పట్టాల మీద గూడ్సు వ్యాగన్లు ఉన్నాయమ్మా, వాటి వెనకనించి వచ్చింది," అన్నాడు. "పరిగెత్తలేదు. ఆగలేదు. తల ఎత్తి స్టేషను వైపు చూస్తూ నడుస్తోంది. నేను హారను కొడుతూనే ఉన్నాను. ఇంకా బోలెడు టైమున్నట్టు నడిచింది. ఈ మాట మీ మరిదికి కూడా చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది."

వాచీ తిరిగిచ్చాను. చేతికి పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

మే 4, ఆదివారం

కీ ఇచ్చి వచ్చాను. చరిత్రలో ఆరో అధ్యాయం, గడియారానిది, ఇంకా ఖాళీ. జరిగింది జరిగినట్టు ముందు ఇక్కడ రాస్తే అక్కడ రాయడం తేలిక కావచ్చు.

మార్చి 9 ఆదివారం. ఉత్సవాల ముందు గడియారం విప్పి శుభ్రం చేయమని కమిటీ అడిగింది. మా నాన్న పోయేముందు చెప్పిన మాట ఒక్కటే: ఆ నాలుగు నిమిషాల జోలికి పోకు. ఇన్నేళ్ళూ పోలేదు. ఆ రోజు లోపలి చక్రాలన్నీ తుడిచి బిగించాక, తాత పేరు చెక్కిన ఇత్తడి రేకు మెరిసింది. ఆ పేరు కింద తప్పుడు టైము చూపించే గడియారం నూరేళ్ళ పండగలో నిలబడుతుందంటే నాకు తల కొట్టేసినట్టయింది. పైగా ఆ నాలుగు నిమిషాలు ఎవరికీ ఉపయోగం లేదని చరిత్ర రాయడానికి చదివినప్పుడే తెలిసింది. స్టేషన్ మాస్టరుని అడిగాను. మీ ఇష్టమమ్మా, నాకూ రికార్డుల్లో గొడవ తప్పుతుంది అన్నాడు. నిమిషాల ముల్లు వెనక్కి తిప్పకూడదు కాబట్టి లోలకం ఆపి, నాలుగు నిమిషాలు నిచ్చెన మీదే కూర్చుని, మళ్ళీ వదిలాను. తాతా నాన్నా చేయని పని చేశాను. గర్వంగా అనిపించింది. రాయడానికి సిగ్గేస్తోంది గానీ నిచ్చెన దిగుతూ కూనిరాగం కూడా తీశాను.

బోర్డు మీద నోటీసు పెట్టారు. సోమవారం పొద్దున పాతికమంది బళ్ళు తప్పిపోయి నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. సాయంత్రానికి ఊరంతా అదే మాట. శనివారం నుంచీ జ్వరంతో ఇంట్లోనే ఉన్న చెల్లికి ఒక్కదానికే తెలియదు. మరిది పని ఇటువైపే, అతనికి బండితో అవసరం లేదు, ప్రెస్సులో విన్నది అక్కడే వదిలేసి వచ్చాడు. పిచ్చుక పరీక్షల చదువులో ఇల్లు కదల్లేదు.

సోమవారం సాయంత్రం చెల్లిని చూడ్డానికి వెళ్ళాను. గంట సేపు కూర్చున్నాను. జ్వరం గురించీ, పిచ్చుక పరీక్షల గురించీ మాటల్లో పడి చెప్పడం మర్చిపోయాను.

మంగళవారం పొద్దున తను మిల్లు గోడ దగ్గరికి వచ్చేసరికి గడియారం ఎనిమిదీ ఏడు చూపించి ఉంటుంది. నాలుగు తీసేసింది. ఎనిమిదీ మూడు. ఆగని బండికి ఇంకా అయిదు నిమిషాలుందనుకుంది.

మే 5, సోమవారం

నిన్న రాసింది చదివాను. చింపేద్దామని పట్టుకుని, మళ్ళీ పెట్టేశాను. మరిది ఇంటికి వెళ్ళాను. నాలుక చివరిదాకా వచ్చింది. అతను మళ్ళీ అదే మాట అన్నాడు, నువ్వు లేకపోతే ఏదీ ఆగదన్నాను వదినా అని. కోపంలో అందరూ అంటారు అన్నాను.

మే 14, బుధవారం

పిచ్చుక పొద్దున్నే కొట్టుకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని చేతిగుడ్డ మెలి తిప్పుతోంది.

"పెద్దమ్మా, నేను నీ దగ్గరికి వచ్చి ఉండనా?"

"ఏమే, మీ నాన్న తిట్టాడా?"

"తిట్టడం లేదు. తిడితే బాగుణ్ణు. నన్ను నీ దగ్గర ఉండమంటున్నాడు. నా పుస్తకాలు పెట్టెలో సర్దేశాడు. ఇవాళ వెనకాలే వెళ్ళాను పెద్దమ్మా. ప్రెస్సుకి పోలేదు. మిల్లు గోడ చివర నిలబడ్డాడు. ఎనిమిదీ ఎనిమిది పోయేదాకా నిలబడి, అప్పుడు ప్రెస్సుకి వెళ్ళాడు. రోజూ అంతేనట, టీ కొట్టాయన చెప్పాడు. ఇవాళ గోడకంటే ఒక అడుగు ముందున్నాడు."

దాని చేతులు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. చేతులు చల్లగా ఉన్నాయి అని మాత్రమే అనుకున్నాను.

మే 15, గురువారం

ఆరో అధ్యాయం రాసేశాను. ఒకటిన్నర పేజీ. గడియారం నేనే సరిచేశానని, చెల్లికి ఆ సంగతి తెలియదని, అందుకే అంత నెమ్మదిగా నడిచిందని, తెలుసని ఇన్‌స్పెక్టరు ముందు నేను తల ఊపింది అబద్ధమని. ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు పెగలదు. అతను ప్రెస్సులో కంపోజు చేస్తాడు, ఒక్కో అక్షరం చేతికి తగులుతుంది. కాగితాలు పిచ్చుకతో పంపించలేదు, నేనే వెళ్ళి అతని బల్ల మీద పెట్టి వచ్చాను.

"ఇవాళే మొదలుపెట్టు," అన్నాను. "ఇంకేదీ ముట్టుకోకు."

తల ఊపాడు.

మే 16, శుక్రవారం

ఎనిమిదింటికి మిల్లు గోడ దగ్గరికి వెళ్ళాను. అతను లేడు. ప్రెస్సు కిటికీలోంచి చూస్తే బల్ల మీదికి వంగి ఉన్నాడు.

మే 17, శనివారం

ఇవాళ కూడా.

మే 18, ఆదివారం

ముప్పై రెండు తిప్పులు.

మే 19, సోమవారం

మధ్యాహ్నం కొట్టుకి వచ్చాడు. చేతిలో తడి ఆరని ప్రూఫు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక పూట పని," అన్నాడు. "మూడు రోజులు పట్టింది."

కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాను.

"తెలుసన్నావు. నేను పక్కనే ఉన్నాను."

"తల ఊపాను."

"అరవై తొమ్మిది రోజులు, వదినా. రోజూ వచ్చావు. రోజూ ఎదురుగా కూర్చున్నావు. నేను అన్న ఆ మాట నా నోటితోనే రోజూ విన్నావు. విని కప్పులు కడిగావు."

"అవును."

"నేను ఆ గోడ దగ్గర..." అరుస్తాడని చూశాను. అరవలేదు, గొంతు మామూలుగానే ఉంది. ప్రూఫు బల్ల మీద పరిచి వేలు పెట్టాడు. "ఇక్కడ, సోమవారం సాయంత్రం తనని చూడ్డానికి వెళ్ళాను, గడియారం సంగతి చెప్పలేదు అని రాశారు. ఎందుకు చెప్పలేదో లేదు."

"మర్చిపోయాను."

"మర్చిపోయే మనిషి కాదు మీరు. ముప్పై ఏళ్ళలో ఒక్క ఆదివారం కీ ఇవ్వడం మర్చిపోలేదు." ప్రూఫు అక్కడే వదిలి గుమ్మం దాకా వెళ్ళాడు. "రెండు వరుసల చోటు ఉంచాను. రాసి పంపండి."

చెల్లితో పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నన్ను మీరు అనడం ఇదే మొదలు.

మే 20, మంగళవారం

రాయలేదు.

మే 21, బుధవారం

మరిది ఇంటికి వెళ్ళడం మానేశాను. సాయంత్రాలు ఏం చేయాలో తోచక కొట్టులో ఆగిపోయిన గడియారాలన్నీ బాగుచేశాను. ఒకదాని తర్వాత ఒకటి గంటలు కొడుతున్నాయి.

మే 22, గురువారం

ఇవి ఆ రెండు వరుసలు. పంపే ముందు ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

"నేను మర్చిపోలేదు. ఏంటక్కా, ఇవాళ మొహం వెలిగిపోతోంది అని చెల్లి అడిగింది. తను చూసి ఆశ్చర్యపోవాలని నాకు ముచ్చట వేసి, రేపు స్టేషనుకి వెళ్తావుగా, నీకే తెలుస్తుంది అన్నాను."

లెక్క పెట్టాను. రెండు వరుసల్లో పట్టదు. మూడు అవుతుంది.

మే 27, మంగళవారం

పోస్టుమాస్టరు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. "ఉత్సవ సంచికలో ఇదెందుకమ్మా? ఇంటి విషయం కదా. తీసేయమంటే మీ మరిది వినడం లేదు. అది తీస్తే మొత్తం పుస్తకమే అచ్చు వేయనంటున్నాడు."

"అయితే ఉండనివ్వండి," అన్నాను. "నలభై పేజీలు నిండాయి కదా."

ఇన్‌స్పెక్టరుకి కూడా ఉత్తరం రాశాను. పిలిస్తే వెళ్తాను.

జూన్ 1, ఆదివారం

కీ ఇస్తుంటే స్టేషన్ మాస్టరు నిచ్చెన కిందకి వచ్చి, మళ్ళీ నాలుగు నిమిషాలు ముందుకి పెడతారా, జనం అడుగుతున్నారు అన్నాడు. మిల్లు గోడ వైపు చూపించాను. ఎవరో ముసలాయన పట్టాల దగ్గర ఆగి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, మళ్ళీ కుడివైపు చూసి దాటాడు. ఇప్పుడు ఎవరూ గడియారాన్ని నమ్మడం లేదు, ఇలాగే ఉండనివ్వండి అన్నాను.

జూన్ 8, ఆదివారం

పిచ్చుక పుస్తకం తెచ్చింది. కొత్త సిరా వాసన. నూరేళ్ళ ఊరి చరిత్ర అని పెద్ద అక్షరాలు. ముప్పై నాలుగో పేజీలో నా మూడు వరుసలు ఉన్నాయి. ఒక్క అచ్చుతప్పు లేదు.

"నాన్న గోడ దగ్గరికి పోవడం లేదు పెద్దమ్మా. నా పుస్తకాలు పెట్టెలోంచి తీసి మళ్ళీ అలమరలో పెట్టేశాడు."

"నా గురించి ఏమైనా అడిగాడా?"

"లేదు." కాసేపు కాళ్ళూపుతూ కూర్చుంది. "ఆ మూడు వరుసలూ నిన్న చదివాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు అమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది కదా, గుమ్మంలో చెప్పులేసుకుంటూ నాతో అంది. మీ పెద్దమ్మ స్టేషన్లో ఏదో చేసిందే, మొహం చూస్తే తెలుస్తోంది, అదేంటో చూడాలి అంది. నవ్వింది కూడా. గబగబా గుమ్మం దిగింది. నాకది ఇన్నాళ్ళూ మామూలు మాటలాగే ఉంది."

తల ఎత్తి స్టేషను వైపు చూస్తూ నడిచిందని డ్రైవరు చెప్పాడు.

"నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. అమ్మ నవ్విందా, నువ్వు చూశావా అని. చూశానన్నాను. అప్పుడు ఏడ్చాడు పెద్దమ్మా, పెద్దగా. ఏడ్చి లేచి, తనే కంచం పెట్టుకుని, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు."

దానికి టీ పెట్టి ఇచ్చాను. తాగి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నేనేమీ చెప్పకపోయినా వంతెన మీదుగానే వెళ్ళింది. అది దిగేదాకా కొట్టు గుమ్మంలో నిలబడి చూశాను, నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత నిచ్చెన తీసుకుని స్టేషనుకి వెళ్ళాను.

ముప్పై రెండు తిప్పులు. టైము సరిగానే ఉంది.